ఏడో ఫారం

మస్తాన్‌వలీ ఏ పుస్తకాన్నీ మొదటి పేజీ నుంచి చదవలేదు.
అతని దగ్గరికి పుస్తకాలు పుస్తకాలుగా రావు,
పదహారేసి పేజీల ఫారాలుగా వస్తాయి.
ఎముకపలకతో మడత నొక్కుతూ
ఏది పైనుంటే అది చదువుతాడు.
"నాకన్నీ మధ్యలోనే మొదలవుతాయి గుమాస్తాగారూ.
మనం పుట్టేసరికి లోకం మాత్రం మొదటి పేజీలో ఉందా ఏంటి?"

నేను మిర్చి యార్డులో కమీషన్ కొట్టు లెక్కలు రాసేవాణ్ణి.
మొదటి బస్తా నుంచి ఆఖరి బస్తా దాకా
కాటా వరసలో పడకపోతే నిద్ర పట్టదు.
నవలైనా అంతే.
నా పుస్తకాల్లో పేజీ తిప్పితే తుమ్మొస్తుందని
అతని కూతురు గౌసియా
ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుంటుంది.

అరండల్‌పేట తొమ్మిదో లైన్లో
షట్టరు సగం దించిన కొట్టు.
మైదా జిగురు ఉడుకుతుంటుంది, మైలుతుత్తం వేసి,
పురుగు పట్టకుండా.
ఆదివారాలు అక్కడే మా పంచాయితీ.

ఆ వేసవిలో నేను కుట్టమని ఇచ్చింది ఒక పాత నవల.
అట్ట లేదు. రాసినవాడి పేరు చెదలు తినేసింది.
అందులో ఒక కాపలావాడు
కరువు రోజుల్లో గాదెకొట్టు తాళం తీసి
ఊరికి ధాన్యం పంచేస్తాడు.
చివర తనే నడిచిపోయి ఠాణాలో లొంగిపోతాడు.

"ఆ లొంగుబాటు తాలు," అన్నాను.
"కాయంతా ఎర్రగా ఉండి తొడిమ దగ్గర తెల్లబడ్డట్టు.
తప్పు కాదని రెండొందల పేజీలు చెప్పి
ఆఖర్న శిక్ష ఎందుకు? రాసినవాడికి ధైర్యం చాల్లేదు."

మస్తాన్ సూదిలోకి దారం ఎక్కించుకుంటూ,
"చివర నేను చదవలా. ఏడో ఫారం చదివా.
తాళం తీసే ముందు వాడు
లోపలున్నది కొలిచి రాసుకుంటాడు,
ఎన్ని పుట్లో, ఎన్ని తూములో.
దొంగైతే కొలత రాసుకోడుగా.
లెక్క చెప్పాల్సిన రోజొకటి ఉందని
వాడికి అప్పటికే తెలుసు.
గుమాస్తా అయ్యుండీ మీరు అది దాటేసి పోయారు."

నాకు కోపం వచ్చింది.
నిజంగానే ఆ పేజీ నాకు గుర్తు లేదు.

"లెక్క ఎవరికి చెప్పాలి? అసలా గాదె ఎవరిది?" అని అరిచాను.
"అది నా ఫారంలో లేదు," అన్నాడు.
జిగురు అడుగంటింది.
గౌసియా వచ్చి, ఇద్దర్నీ ఒక చూపు చూసి, పొయ్యి ఆపింది.

మూడు ఆదివారాలు పోలేదు.
ఒకసారి శంకర్‌విలాస్ వంతెన దాకా వెళ్ళి
కింద గూడ్సుబండి పోయేదాకా నిలబడి
వెనక్కొచ్చేశాను.

యార్డులో కళ్ళు మండే రోజులు.
వినుకొండ వైపు రైతొకడు
నేను పద్దులో రాస్తుంటే పక్కనే నిలబడి
అగ్గిపెట్టె వీపున తన తూకం తనూ రాసుకుంటున్నాడు.
ఇరవై రెండేళ్ళుగా ఇలాంటివాళ్ళను చూస్తున్నాను.
ఎందుకు రాసుకుంటున్నావని ఎవర్నీ అడగలేదు.
ఇతన్నీ అడగలేదు.
కాటా మీది అంకె మాత్రం మరోసారి చూశాను.

నాలుగో వారం గౌసియా పుస్తకం తెచ్చిచ్చింది.
ముదురు నీలం క్యాలికో. కుట్టు ఎక్కడా కనపడదు.
తిప్పితే, తొంభై ఆరు తర్వాత నూట పదమూడు.
ఏడో ఫారం లేదు.
వెతగ్గా వెతగ్గా అట్టకు ముందు దొరికింది,
ఠాణా తలుపు మూసుకున్న పేజీ తర్వాత.

పొరపాటు పడే చెయ్యి కాదు.
కళ్ళద్దాలు మార్చాలని మాత్రం
పోయినేడు నుంచీ అంటున్నాడు.

ఆ రాత్రి ఆ వరసలోనే చదివాను.
శిక్ష అయిపోయింది, ఊరు మర్చిపోయింది.
అప్పుడు లాంతరు పట్టుకుని వాడొచ్చాడు,
కొలిచాడు, వేలు తడిచేసుకుని కాగితం తిప్పాడు, రాశాడు.
నూట పన్నెండో పేజీ వాక్యం మధ్యలో తెగిపోయింది,
"తాళంచెవి చేతిలో చల్లగా" అని.
ఇక అట్టే.

లొంగుబాటు తాలే. ఇప్పటికీ అదే అంటాను.
కానీ వాడు కొలత రాసుకుంది
లెక్క చెప్పడానికి కాదయ్యా మస్తాన్, అడగడానికి.
ఈ ముక్క నీకూ తట్టలేదు.

ఆదివారం. చొక్కా మార్చుకున్నాను.
అగ్గిపెట్టె ఒకటి జేబులో వేసుకున్నాను,
నాకు సిగరెట్టు అలవాటు లేదు.